హనోకు వంతు

రామస్వామి చెయ్యి మళ్లీ హనోకు పాచిక మీదికే పోయింది.

"హనోకు నాకు కట్టు గట్టిండు," అంటూ తనే పాచిక విసిరాడు. ఐదు పడింది. డబ్బాలోంచి ఐదు చింతగింజలు తనే ఏరుకొని తన ముందున్న కుప్పలో కలుపుకున్నాడు. "పానం లేసొచ్చింది భయ్! ఇగ సూడుండ్రి నా కత్తి."

హనోకు కిటికీ అవతల కరెంటు తీగ మీద వాలిన పావురాన్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నాలు నిజామాబాద్‌లో మజహర్ వాళ్ల కాంటాల దుకాణం మీది గదిలో ఈ ఆట సాగబట్టి ఏడాది కావస్తోంది. హైదరాబాద్‌లో పెదనాన్న కొడుకు రఫీక్ దగ్గర నేర్చుకొచ్చాడు మజహర్. బోర్డు లేదు, గళ్లు లేవు. ఒకడు కథ నడిపిస్తాడు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులై, తమ వంతు వచ్చినప్పుడు ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది అయిందో కాలేదో పాచిక చెబుతుంది. ప్రాణమంటే ముందున్న చింతగింజలు. దెబ్బ తగిలితే గింజలు పోతాయి, కట్టు కడితే తిరిగొస్తాయి, అన్నీ పోతే ఆ మనిషి పోయినట్టే. రఫీక్ చెప్పే కథ ఎక్కడో మంచు కొండల్లో జరిగేది. మజహర్ దాన్ని పట్టుకొచ్చి మంజీర ఒడ్డున పెట్టాడు. నిజాంసాగర్ తూము మూసేసి కూర్చున్న ఒక బందిపోటు దొర, కింద ఎండిపోతున్న చెరుకు, తూము తెరవడానికి బయల్దేరిన ముగ్గురు. కత్తి పట్టినవాడు రామస్వామి. విల్లు పట్టింది మజహర్ చెల్లెలు కనీజ్. కట్ల సంచి మోసేవాడు హనోకు.

సంచి హనోకుకు ఎవరిచ్చారని అడిగితే ఎవరూ చెప్పలేరు. బోధన్‌లో ఒక నర్సింగ్ హోంలో పుండ్లు కడిగి కట్లు కట్టే ఉద్యోగం అతనిది. ఆట మొదలైన రోజు రామస్వామి "కంపౌండర్ మనకుండనే ఉండె" అని నవ్వాడు, అందరూ నవ్వారు, సంచి హనోకు మెడలో పడింది. రామస్వామి చెడ్డవాడేం కాదు. బోధన్ అవతల చెరుకు పొలాలున్న ఇంటివాడు. ఆదివారం చర్చి విడిచేదాకా బయట నిలబడి, హనోకును బండి వెనక ఎక్కించుకొని వచ్చేది అతనే. మజహర్‌తో కలిపి ముగ్గురూ ఒకే కాలేజీలో ఇంటర్ చదివారు. అయినా హనోకు అతన్ని "పటేలా" అనే పిలుస్తాడు. తండ్రి కాశయ్య ఆ పొలాల్లో చెరుకు కొట్టిన రోజుల్లో అంటుకున్న పిలుపు, నోరు విడిచి పోలేదు.

మజహర్ గోడు వేరు. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మొదలైన పోరు, సాయంత్రం అసర్ అజాన్ వినపడుతున్నా తెగలేదు. పోయిన గింజలు పోయినట్టే తిరిగొస్తుంటే ఇక భయం ఎక్కడిది? ఏడాదిలో ఒక్కరూ చావలేదు. చల్లారిన చాయ్ తాగుతున్నట్టుంది ఆట.

"ఇనుండ్రి," అన్నాడు పాచికలు డబ్బాలో వేస్తూ. తూకపు రాళ్ల ఇత్తడి తునకల్ని ఆకురాయితో అరగదీసి మనిషికొకటిగా తను స్వయంగా చేసిన పాచికలవి. ఆట కాగానే అన్నీ ఆ డబ్బాలోకే పోతాయి. "వచ్చే ఐతారం దొరతోని ఆఖరి పోరు. గప్పటి సంది కట్టు బలం సగమే. ఆరు పడితే మూడే గింజలు."

"గదేం ఇన్సాఫ్ భయ్?" అని రామస్వామి ఎగిరిపడ్డాడు. "నేను సస్తే కథెట్ల నడుస్తది?"

హనోకు చెప్పులు వేసుకొని మెట్ల మీద ఆగాడు. కింద రామస్వామి బండి కిక్కు కొడుతున్నాడు.

"మజహర్, ఆఖరి పోరన్నవ్ గదా. నాకు గూడ గదే ఆఖరు. నడిమిట్ల ఇడిసిపెడితే బాగుండదని వస్తున్న. అటెనుక రాను."

"ఏమైందిరా? సగం జేసిననని కోపమా?"

"ఆరు దినాలు కట్లు గట్టి వస్త. ఏడో దినం గూడ కట్లేనా?"

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే మజహర్ కూడా గట్టిగా ఏదో ఒకటి అని తేల్చుకునేవాడు. బండి మూల మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ పనుల్లో పడ్డాక వాళ్లకు మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. అదీ పోతే ఏ పెళ్లిలోనో కలిసినప్పుడు "బాగున్నవా" అనుకోవడమే మిగులుతుంది.

సోమవారమంతా దుకాణంలో అతని చేతులు ఒకచోట, మనసొకచోట. కిరాణా సేటు తెచ్చిన త్రాసు ముల్లు ఎడమకు ఒరుగుతోంది. దాన్ని పక్కకు నెట్టి, గల్లాపెట్టె మీద చింతగింజలు పోసుకొని ముగ్గురి పక్షానా తనే పాచికలు వేసి చూశాడు. సగం కట్టుతో రామస్వామి మనిషి ఇట్టే పడిపోతున్నాడు. పడకుండా ఉండాలంటే హనోకు మనిషి ఒక్క వంతు కూడా వదలకుండా కడుతూనే ఉండాలి. పని తగ్గిద్దామని చేసింది కాస్తా పని పెంచింది.

చీకటి పడకముందే ఎస్టీడీ బూత్‌కు పోయి రఫీక్‌కు ఫోన్ చేశాడు.

"డబల్ జేసెయ్‌రా," అన్నాడు రఫీక్ అవతలి నుంచి. "ఒక్కపారి గడితే నిండుగ లేసి కూసోవాలె. అప్పుడు మీవోనికి ఆరాం దొర్కుతది."

తిరిగొచ్చి డబల్ చేసి చూశాడు. హనోకుకు ఆరాం దొరికింది గాని, అటు దొర చావడు, ఇటు వీళ్లు చావరు. చింతగింజలు ఇటు నుంచి అటు పోయి మళ్లీ వస్తున్నాయి. విసుగొచ్చి గింజలన్నీ చేత్తో ఒక్క ఊపు ఊపాడు. కొన్ని కింద పడ్డాయి.

లోపలి నుంచి చాయ్ తెచ్చిన కనీజ్ వంగి ఏరింది. ఇంట్లో వాళ్లది ఉర్దూయే అయినా, ఆట సంగతులు మాత్రం ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకుంటారు.

"భయ్యా, ఒకటడుగుతా. నిన్న హనోకన్న పాచిక హనోకన్న ఎన్నిసార్లు ఏసిండు?"

మజహర్ నిన్నటి ఆటే కాదు, మొన్నటి వారందీ గుర్తు చేసుకున్నాడు, అంతకు ముందుది కూడా. కళ్ల ముందుకు రామస్వామి చెయ్యి వచ్చింది, ఒకటి రెండుసార్లు కనీజ్ చెయ్యి వచ్చింది. హనోకు చెయ్యి ఎంత వెతికినా దొరకలేదు.

"నేను గూడ ఏసిన," అంది కనీజ్ తల వంచుకొని. "నాకు దెబ్బ దగిలినప్పుడు. అడగకుంటనే ఏసిన. నువ్వు గూడ ఏ దినం నీ వంతొచ్చింది, ఏం జేస్తవ్ అని అడగలే."

మజహర్ చాయ్ గ్లాసు గల్లాపెట్టె మీద పెట్టేశాడు. కథ నడిపేవాడు తను. వంతులు పిలిచేవాడు తను. కాంటా ముల్లు వెంట్రుకవాసి ఒరిగినా పట్టుకునే కళ్లు తనవని నలుగురిలో చెప్పుకుంటాడు కూడా. సిగ్గేసింది.

చెరుకు కొట్టుడు మొదలయ్యే ముందు ఊళ్లల్లో కాంటాలన్నీ సరిచూసుకోవాలి. బుధవారం బోధన్ అవతల ఒక ఊరికి పోయాడు మజహర్. బండి ఎక్కించి చెరుకు తూచే పెద్ద కాంటా అది. తూకం తప్పు చూపిస్తోంది. పలక కింద చెయ్యి పెట్టి తడిమితే మెత్తగా ఏదో తగిలింది. సీసం ముక్క. ఎవడో ముందొచ్చినవాడు, ఒక పక్క తేలిపోతోందని సీసం అంటించి చేతులు దులుపుకొని పోయాడు. అది చాలక ఇంకో పక్క ఇంకో ముక్క.

"బద్మాష్ పని," అని తిట్టుకుంటూ రెండూ పీకేశాడు. తప్పు బరువులో ఎప్పుడూ ఉండదు. తూకం మోసే దండె ఆనే చోట ఉంటుంది. ఆ అంచు అరిగి పక్కకు జరిగితే, ఎన్ని ముక్కలు అంటించినా తూకం నిలవదు. ఆ చోటు చూద్దామని తుప్పు పట్టిన రేకు ఎత్తబోయాడు. రేకు జారి అరచెయ్యి అడ్డంగా కోసుకుపోయింది.

చేతి రుమాలు చుట్టుకొని, ఎవరిదో ట్రాక్టరెక్కి బోధన్ చేరి నర్సింగ్ హోం మెట్లెక్కేసరికి రుమాలంతా ఎర్రబడింది.

హనోకు అతని ముఖం చూశాడు. ఆ తర్వాత చెయ్యి చూశాడు. "కూసో," అన్నాడు స్టూలు చూపిస్తూ. ఆదివారం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పక్కన ఒక ముసలమ్మ కాలి పుండు కడిగించుకుంటోంది, అవతల ఇంకొకతను మోచెయ్యి పట్టుకొని మూలుగుతున్నాడు. హనోకు స్పిరిట్ పోశాడు. మజహర్ "యా అల్లా" అని అరిచాడు.

"కదలకు."

దూది పెట్టి గాజుగుడ్డ మడత వేసి, మజహర్ రెండో చేతిని పట్టుకొని దాని మీద పెట్టాడు. "గట్టిగ ఒత్తిపట్టు."

"నేనా?"

"మరెవలు? దెబ్బ నీది. నాకున్నయి రెండు చేతులే." అప్పటికే ముసలమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, కాలు సాపు. గిట్ల కాదు, గిట్ల."

మజహర్ ఒత్తిపట్టుకొని కూర్చున్నాడు. కుడి చెయ్యి గాయంలో ఇరుక్కుంది, ఎడమ చెయ్యి దాన్ని పట్టుకోవడంలో ఇరుక్కుంది. ముఖం మీది చెమట తుడుచుకోవడానికి కూడా లేదు. హనోకు మాత్రం గదిలో తిరుగుతూనే ఉన్నాడు. ముసలమ్మకు కట్టు, మోచెయ్యి మనిషికి సూది, మధ్యలో వచ్చి మజహర్ చేతికి టేపు. దెబ్బ తిన్నవాళ్లందరూ ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోయారు. ఆగనిది కట్టు కట్టేవాడొక్కడే.

మజహర్ అతన్నే చూస్తూ ఉండిపోయాడు.

"గట్ల జూస్తున్నవేంది?" అన్నాడు హనోకు. "ఇయ్యాల ఆ చేతితోని పని జెయ్యకు. ఇంటికి పో."

బస్సులో కూర్చున్నాక మజహర్ జేబులోంచి ఆ సీసం ముక్కలు తీసి చూసుకున్నాడు. సగం చేయడం ఒక ముక్క, డబల్ చేయడం ఇంకో ముక్క. వారమంతా తను చేసింది ఇదే కదా అనిపించింది. ఇంకొకడి పని చూసి బద్మాష్ అని తిట్టాడే, ఆ తిట్టు తనకే వచ్చి తగిలింది.

ఆదివారం హనోకు వచ్చాడు. తెల్ల అంగీ, తడిపి దువ్విన తల. రామస్వామి నీళ్ల సీసా, పల్లీల పొట్లం తెచ్చుకున్నాడు, పోరు పెద్దదని. కనీజ్ తలుపు పక్కన తన చోట్లో కూర్చుంది. కింద అమ్మ షమ్సున్నీసా బియ్యం చెరుగుతున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.

మజహర్ కట్టున్న చేతిని ఒళ్లో పెట్టుకొని మొదలుపెట్టాడు.

"కట్టు సగం లేదు, డబల్ లేదు, ఎప్పట్లెక్కనే. కాని ఇగ కట్టుకు పొయ్యేది హనోకు వంతు కాదు. దెబ్బ తిన్నోని వంతు. కట్టు కావాల్నంటే హనోకు దగ్గరికొచ్చి కూసోవాలె, గుడ్డ ఒత్తిపట్టుకోవాలె. ఆ తాప వానికి కత్తి లేదు. హనోకు వంతు హనోకుకే ఉంటది."

రామస్వామి పల్లీలు నమలడం ఆపాడు. "అంటే దెబ్బ నేనే తిని, వంతు గూడ నేనే పోగొట్టుకోవాల్నా? గిదేం కానూన్?"

"దెబ్బ తగిలింది ఎవలకు?" అంది కనీజ్.

"మరి హనోకు గీడ ఎందుకున్నడు?"

ఆ మాట వచ్చి చాప మీద పడింది. రామస్వామికి కూడా తను ఏమన్నాడో వినపడింది కాబోలు, ముఖం తిప్పుకున్నాడు. ఇప్పుడు లేచిపోతాడు హనోకు, ఆఖరి పోరు దాకా కూడా ఆగడు అనుకున్నాడు మజహర్.

"నాకు గూడ తెల్వదు పటేలా," అన్నాడు హనోకు నెమ్మదిగా. "ఏడాది సంది గదే సోంచాయిస్తున్న."

రామస్వామి బండి తాళం చెవి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని వేలికి తిప్పి, మళ్లీ చాప మీద పెట్టాడు. "కానియ్యి. సూద్దాం."

దొర గింజలు ఇత్తడి గిన్నె నిండా ఉన్నాయి. తూము గది చీకటి, పాకుడు పట్టిన గోడలు, గద్దె మీది నుంచి లేచి దొర కటారు దుయ్యడం, అన్నీ చెప్పాడు మజహర్. రామస్వామి దూకాడు. కనీజ్ బాణం వేసింది. దొర పాచిక పెద్దగా పడి రామస్వామి కుప్పలో చాలా గింజలు పోయాయి.

"హనోకూ, నీ వంతు," అన్నాడు మజహర్. "ఏం జేస్తవ్?"

ఏడాదిలో మొదటిసారి అడిగిన ప్రశ్న. రామస్వామి చెయ్యి అలవాటుగా పాచిక వైపు సగం దాకా వచ్చింది. అప్పటికే హనోకు అరచెయ్యి దాని మీద ఉంది.

"కట్టు కావాల్నంటే వచ్చి కూసో పటేలా. కడ్త."

"నేను కూసుంటే దొరనెవడు ఆపుతడు? వద్దు!"

"సరే." హనోకు తనేం చేస్తాడో చెప్పడం మర్చిపోయినవాడిలా ఉన్నాడు. "మజహర్, దొర ఎనుక ఏమున్నది?"

"గద్దె ఉన్నది. దాని ఎనుక తూము చక్రం. తుప్పు పట్టి జామైంది." ఆట మొదలైన రోజే మజహర్ చెప్పాడు ఆ చక్రం గురించి. ఆ తర్వాత తనూ మర్చిపోయాడు. దొరను చంపడమే ఆట అనుకున్నారు అందరూ, తనతో సహా.

"అయితే గోడ పొంటి సప్పుడు జెయ్యకుంట గటు నడుస్త."

"నడుస్తడట!" అని రామస్వామి తల కొట్టుకున్నాడు. "నేను సస్తుంటే షికారు పోతుండు!"

మళ్లీ కత్తి దూశాడు. తగిలింది, కొన్ని గింజలు గిన్నెలోంచి పోయాయి. దొర మళ్లీ కొట్టాడు. రామస్వామి ముందు ఒక్కటే గింజ మిగిలింది.

"అన్నా, పోయి కూసో," అంది కనీజ్. "ఒక్క వంతే గదా."

"రా పటేలా, కడ్త," అన్నాడు హనోకు.

కూర్చోవడం రామస్వామికి రాదు. ఎవరైనా వచ్చి చెయ్యాలి తప్ప తను పోయి ఎదురుచూడటం తెలియదు. "ఒక్క ఏటు. వాడు పడ్తడు సూడు," అని పాచిక విసిరాడు. ఒకటి పడింది.

దొర పాచిక వేయడానికి మజహర్‌కు చెయ్యి రాలేదు. కాని వేయాలి. వేశాడు. కట్టున్న చేతినే చాచి, రామస్వామి ముందున్న ఆ చివరి గింజను తీసి డబ్బాలో వేశాడు.

ఏడాదిలో మొదటి చావు. రామస్వామి ఖాళీ చాపను చూస్తూ కూర్చున్నాడు.

"హనోకూ, ఏం జేస్తవ్?"

"చక్రం తిప్పుత."

"ఒక్క వంతుల తిరగదు. జామైంది. మూడన్న, అంతకు మీదన్న పడాలె, రెండుసార్లు పడాలె."

హనోకు పాచికను అరచేతిలో ఊపి విసిరాడు. నాలుగు. తుప్పు రాలింది, చక్రం మూలిగింది. ఆ మూలుగు విని దొర వెనక్కి తిరిగాడని చెప్పాలి మజహర్. స్నేహితుడని కనికరిస్తే అది ఇంకో సీసం ముక్క. చెప్పాడు. కనీజ్ బాణం దొరను ఆపలేకపోయింది. కటారు హనోకు వీపులో దిగింది. అతని ముందు రెండే గింజలు.

"హనోకన్నా, కట్టు గట్టుకో ముందుగాల," అంది కనీజ్ గాభరాగా. "ఇంకొకటి దగిలితే పోతవ్."

"కట్టుకుంటే నా వంతు పోతది గద."

చచ్చినవాడికి మాట్లాడే హక్కు లేదు ఆ ఆటలో. అయినా రామస్వామి మోకాళ్ల మీద లేచాడు. "కట్టు తర్వాతరా! తిప్పు! నీయవ్వ, తిప్పురా హనోకూ!"

హనోకు అతని వైపు చూసి నవ్వాడు. ఆ గదిలో హనోకు పళ్లు కనపడేలా నవ్వడం మజహర్ ఎరగడు. ఆ నవ్వుతోనే పాచిక విసిరాడు.

ఇత్తడి పాచిక చాప దాటి, గచ్చు మీద దొర్లి, రామస్వామి మోకాలి పక్కన ఆగింది. అందరికంటే దగ్గరున్నది అతనే. చెయ్యి చాచాడు. సగంలో ఆపి వెనక్కి తీసుకొని, ఆ చేతిని చంక కింద పెట్టుకున్నాడు.

"నువ్వే వచ్చి సూస్కో," అన్నాడు.

హనోకు లేచి పోయి వంగాడు. "మూడు."

చాలు. తూము తెరుచుకుంది. మంజీర నీళ్లు ఎలా విరుచుకుపడ్డాయో, గద్దెనూ దొరనూ ఎలా ఊడ్చుకుపోయాయో, కాలువ వెంట పొర్లి బోధన్ చెరుకు మొదళ్లలోకి ఎలా ఇంకాయో మజహర్ చెబుతూ పోయాడు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. దొర గిన్నెలో సగానికి పైగా గింజలు అలాగే ఉన్నాయి. ఎవరికీ వాటితో పని లేకపోయింది.

చాయ్ వచ్చింది. తాగారు. రామస్వామి గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఐతారం కొత్త కథ గదా. నా మనిషైతే సచ్చిండు. హనోకూ, సంచి నాకియ్యి. నేను మోస్త. నువ్వు కత్తి పట్టు."

అటెనుక రాను అన్న మాట మజహర్‌కూ హనోకుకూ తప్ప ఎవరికీ తెలియదు. హనోకు పాచికను వేళ్ల మధ్య తిప్పి, దాని అంచులు తడిమాడు.

"సంచి ఇయ్య రామస్వామీ," అన్నాడు.

పటేలా అనలేదు. అది రామస్వామి కూడా విన్నాడు. తల పైకెత్తి చూశాడు.

"మరి నేనేం జెయ్యాలె?"

"కూసునుడు నేర్చుకో. వచ్చే ఐతారం గూడ కట్టు నేనే గడ్త."

కనీజ్ కిసుక్కున నవ్వింది. మజహర్ నవ్వలేదు, నవ్వితే ఏడుపొచ్చేలా ఉంది. పాచికలు ఏరుకుందామని డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. కనీజ్ తనది వేసింది. రామస్వామి తనది వేశాడు.

హనోకు డబ్బా వైపు చూడలేదు. పాచికను అంగీ జేబులో వేసుకొని, చెప్పులు తొడుక్కొని మెట్లు దిగాడు.